భీమవరం సుబ్బారావు గారి బోస్టన్ రాత్రులు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, వెనక వరసల్లో కూర్చుని అప్పుడే కబుర్లు మొదలెట్టిన మా 1984 పదో తరగతి బ్యాచ్ మిత్రులకు కూడా నమస్కారాలు. మీరు కానివ్వండి. నలభై ఏళ్ల కిందట కూడా మీరు అక్కడే కూర్చున్నారు.

నన్ను మాట్లాడమన్న అంశం ‘అమెరికాలో మన పిల్లల జీవితం’. ఈ హాల్లో చేతులెత్తమంటే సగం మందికి పైగా కొడుకో కూతురో అల్లుడో అక్కడే ఉంటారు. ఆ జీవితం గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? ప్రతి ఆదివారం పొద్దున్న వీడియో కాల్‌లో చూస్తూనే ఉన్నారు. అందుకని నేను వందేళ్ల వెనక్కి వెళతాను. మనూళ్లో రైలెక్కితే అత్తిలి మీదుగా భీమవరం. ఆ భీమవరంలో 1895 జనవరి 12న పుట్టి, 1923 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగిన ఒక యువకుడి గురించి చెబుతాను. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. పేరు మీరంతా విన్నదే. మన పుస్తకాల్లో ఆయన కనిపెట్టిన మందుల జాబితా ఉంటుంది. ఆ మందులకు ముందు గడిచిన రోజుల గురించి ఉండదు. నాకు ఆసక్తి ఆ రోజుల మీదే.

ముందుగా ఒక విషయం. ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. అంతకు ముందే, పదమూడేళ్ల వయసులో, ఇల్లు వదిలి కాశీ ప్రయాణం కట్టారు. అక్కడికొచ్చే యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదించాలని. తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. తండ్రి పోయాక చదువు సాగించడానికి నగలు అమ్మారు. అబ్బాయి రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం పుచ్చుకుంటానంటే ఆవిడే వద్దన్నారు. ఇది మన మాస్టార్లకు కొత్త కథ కాదు. ఇలాంటి పిల్లలూ ఇలాంటి తల్లులూ ప్రతి ఏడాదీ ఆ స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడుతూనే ఉంటారు.

తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీ. గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదిలోకి ఖద్దరు కోటుతో వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ రాలేదు. దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికిచ్చారు. ఆ తక్కువ కాగితం వల్ల మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పనిలో చేరారు. ఈలోగా ఇంట్లో పిడుగు పడింది. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే వ్యాధితో కొద్దిరోజుల తేడాతో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు, రక్తం తగ్గిపోవడం, మనిషి చిక్కి శల్యమై పోవడం. అప్పటికి దానికి మందు లేదు. ఆయనకూ ఆ జబ్బు వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు.

అమెరికా ఎందుకు వెళ్లారంటే, అక్కడ ఉష్ణదేశాల జబ్బులు చెప్పే బడి ఉంది కాబట్టి. డబ్బు ఎక్కడిదంటే, రెండు చోట్ల నుంచి. ఒకటి, పిల్లనిచ్చిన మామగారు, అనపర్తి కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సమకూర్చింది. రెండోది కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తానన్న సాయం. ఈ రెండో దాని గురించి ఒక్క నిమిషం. సత్యలింగ నాయకర్ గారు కోరంగి ప్రాంతం నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లి, అక్కడ ఓడరేవులో పని చేసి, సంపాదించి, ఆస్తినంతా చదువులకూ అన్నదానానికీ రాసిచ్చిన మనిషి. అంటే రంగూన్‌లో ఒక గోదావరి జిల్లా మనిషి చెమటోడ్చి సంపాదించిన డబ్బు మరో గోదావరి జిల్లా కుర్రాడి బోస్టన్ ప్రయాణానికి ఆధారమైంది. ప్రభుత్వం కాదు, విశ్వవిద్యాలయం కాదు. ముందు వెళ్లినవాడు తర్వాతి వాడికి పంపాడు. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో నాకు పనుంది.

ఇక బోస్టన్. ఆయన దిగిన సంవత్సరం చూడండి. 1917లోనే అమెరికా ఒక చట్టం చేసి ఆసియాలో చాలా భాగాన్ని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించింది. విద్యార్థుల్లాంటి కొందరికే మినహాయింపు. 1923 ఫిబ్రవరిలో భగత్‌సింగ్ థిండ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు అమెరికా పౌరులు కాలేరని తీర్పు చెప్పింది. ఎనిమిది నెలల తర్వాత మన సుబ్బారావు గారు ఆ గడ్డ మీద కాలు పెట్టారు. మన పిల్లలు గ్రీన్ కార్డు వరస కోసం పడే బెంగ మనకు తెలుసు. ఆయనకు నిలబడటానికి వరసే లేదు. అది 1946లో చట్టం మారేవరకూ అలాగే ఉంది. మారాక రెండేళ్లకే ఆయన పోయారు.

అప్పుడాయన వయసు ఇరవై ఎనిమిది. డాలరుకు సుమారు మూడు రూపాయలు. ఇప్పటి రేటుతో పోల్చి నవ్వకండి, ఆ మూడు రూపాయలు ఇక్కడ ఇంటి ఖర్చులో కనబడే మొత్తం. చేతిలో ఉన్నది ఫీజుకూ చాలదు. అక్కడ ఉష్ణదేశాల వైద్యశాఖకు పెద్ద అయిన రిచర్డ్ స్ట్రాంగ్ అనే ప్రొఫెసర్ ఆదుకున్నారు. కడుపు నింపుకోవడానికి పని కావాలి. మద్రాసు డాక్టరు పట్టా ఉన్నా అక్కడ వైద్యం చేయడానికి లైసెన్సు లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో నైట్ పోర్టర్‌గా చేరారు. పేరు వినడానికి బాగానే ఉంటుంది. పని ఏమిటంటే వార్డుల్లో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తడం, కడగడం, తుడవడం.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఎందుకంటే మన సభల్లో ఈ వాక్యాన్ని ‘అనేక కష్టాలకోర్చి’ అని దాటించేస్తారు. 1923లో భీమవరం నియోగి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు, పైగా చదువుకున్న డాక్టరు, పరాయివాళ్ల మలం ఎత్తే పని చేయడమంటే ఏమిటో ఈ హాల్లో వివరించనక్కర్లేదు. ఆ పని ఇక్కడ ఎవరు చేసేవారో, వాళ్లను మనం ఎక్కడ నిలబెట్టేవాళ్లమో మనకు తెలుసు. ఓడ దాటితే కులం పోతుందని భయపడ్డ రోజులవి. నా ఉద్దేశంలో ఆయనకు హార్వర్డ్ నేర్పిన మొదటి పాఠం ప్రయోగశాలలో కాదు, ఆ వార్డులో. ఇది నా ఊహే, కాదనేవాళ్లు కాదనవచ్చు.

2011లో కంపెనీ పని మీద నేను బోస్టన్ వెళ్లాను. ఒక సాయంత్రం ఖాళీ దొరికితే ఆ పేట అంతా కాలినడకన తిరిగాను. స్తంభాల ముఖద్వారంతో పాత బ్రిగమ్ భవనం ఇంకా ఉంది. అక్కడి నుంచి లాంగ్‌వుడ్ అవెన్యూలో హార్వర్డ్ వైద్య కళాశాల తెల్లటి పాలరాతి భవనాలకు నడక పది నిమిషాలు. పక్కనే పిల్లల ఆసుపత్రి. అంటే ఆయన రోజంతా ఆ పది నిమిషాల దూరంలోనే తిరిగింది. పగలు పాలరాయి, రాత్రి బెడ్‌ప్యాన్లు. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగుంబావుకల్లా పొద్దు గూకుతుంది. తరగతి నుంచి బయటికొచ్చేసరికే చీకటి. డ్యూటీ దిగి బయటికొచ్చేసరికీ చీకటే. మా కేంద్రంలో నేను పన్నెండేళ్లు షిఫ్టుల్లో పనిచేశాను. నైట్ షిఫ్ట్ మనిషికి నిద్ర కన్నా ముందు పోయేది ఇంకొకటుంది, మిగతా లోకంతో కలిసి ఉన్నామన్న ఊహ. పైగా ఆయనకు ఫోన్ లేదు. ఓడ టపాలో ఉత్తరం ఇంటికి చేరడానికి నెల పైమాటే. జవాబు రావడానికి మరో నెల. ‘జ్వరంగా ఉంది’ అని రాస్తే, ‘ఎలా ఉంది’ అన్న ప్రశ్న వచ్చేనాటికి జ్వరం తగ్గిన సంగతే మనిషి మర్చిపోతాడు.

ఒక సరదా సంగతి. అక్కడ కాగితాల మీద ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారో. మన ఇంటిపేరు వాళ్లకు మొదటి పేరైంది, తల్లి పెట్టిన పేరు ఇంటిపేరైంది. తోటివాళ్లు ‘యెల్లా’ అని పిలిచేవారట. మన పిల్లల పాస్‌పోర్టుల్లో ఇప్పటికీ జరుగుతున్న ప్రహసనానికి వందేళ్ల చరిత్ర ఉందన్నమాట.

ఉష్ణదేశాల వైద్యంలో డిప్లొమా అయ్యాక ఒట్టో ఫోలిన్ నడిపే బయోకెమిస్ట్రీ శాఖలో చేరారు. సైరస్ ఫిస్కే అనే ఆయనతో పని. ఇక్కడ నా వృత్తికి సంబంధించిన మాట చెప్పాలి. నేను థర్మల్ కేంద్రంలో బాయిలర్ల మనిషిని. బాయిలర్ డ్రమ్‌లో నీటికి కొంచెం ఫాస్ఫేట్ కలుపుతాం, గొట్టాల లోపల పొక్కు కట్టకుండా. అది ఎంతుందో ప్రతి షిఫ్టులో చూడాలి. కొద్దిగా నీళ్లు తీసి, ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, మరో మందు వేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదురైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఈ పద్ధతి ఎవరిదని మా కెమిస్టును అడిగితే, ‘ఫిస్కే, సుబ్బారో’ అన్నాడు. సుబ్బారో అంటే జపాన్ వాడనుకున్నాడట ఆయన ఇన్నాళ్లూ! మా జిల్లావాడయ్యా అంటే నమ్మలేదు.

1925లో వచ్చిన పద్ధతి అది. రక్తంలో భాస్వరం కొలవడానికి తయారు చేశారు. అంతకు ముందున్న పద్ధతిలో రంగు నిలిచేది కాదు, చూస్తుండగానే వెలిసిపోయేది. వీళ్లు వేరే మందు వెతికి పట్టుకున్నారు. లోకంలో ఎన్నో ప్రయోగశాలల్లో తరాల తరబడి వాడారు. మన మందుల జాబితాల్లో దీనికి చోటుండదు, మందు కాదు కాబట్టి. నాకు మాత్రం మిగతా అన్నిటికన్నా ఇదే ఇష్టం. సరిగా కొలవడం చేతకానిదే మరేదీ చేతకాదు.

ఆ కొలతలోంచే అసలు విశేషం బయటపడింది. కండరం నుంచి తీసిన ద్రావణాన్ని పరీక్షిస్తే, రావలసిన రంగు వెంటనే రాలేదు. నెమ్మదిగా, నిమిషాలు గడిచే కొద్దీ పెరుగుతూ వచ్చింది. మాలాంటివాళ్లం ఏం చేస్తాం? రీడింగ్ స్థిరపడ్డాక రాసుకుందాం అని టీ తాగడానికి వెళతాం. వీళ్లు ఎందుకు ఆలస్యమవుతోందని పట్టుకున్నారు. తేలిగ్గా విడిపోయే ఒక భాస్వర పదార్థం కండరంలో ఉందని, అది ఆమ్లంలో మెల్లగా విరిగి ఫాస్ఫేట్‌ను వదులుతోందని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. కండరం పనిచేసే తీరు గురించి అప్పటిదాకా ఉన్న సిద్ధాంతం దాంతో కదిలిపోయింది. 1929లో ఏటీపీ. జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడాది దాన్ని పట్టుకున్నాడు. ఈ రోజు మన బడిలో పిల్లలు ‘కణానికి శక్తి నాణెం ఏటీపీ’ అని వల్లె వేస్తారు. ఆ పేరు పక్కన మన జిల్లా పేరు ఉందని వాళ్లకు ఎవరైనా చెబుతున్నారా? సైన్సు టీచర్లు ఇక్కడే ఉన్నారు, నేనేమీ అనను.

1930లో పీహెచ్‌డీ. ఆ తర్వాత పదేళ్లు హార్వర్డ్‌లోనే చిన్న హోదాల్లో. శాశ్వతమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆ ఎనిమిదేళ్లలో జరిగినవి మీకు తెలిసినవే కాబట్టి రెండు మాటల్లో చెబుతాను. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. అది స్ప్రూకు మందు. అన్నదమ్ములు పోయిన ఇరవై ఏళ్లకు పైగా గడిచాక. దాని అణువునే కొంచెం మార్చి చేసిన అమినాప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ పిల్లల్లో మొదటిసారి, తాత్కాలికంగానే అయినా, జబ్బును వెనక్కి తోశారు. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఫార్బర్ పనిచేసింది ఎక్కడో తెలుసా? నేను ఇందాక చెప్పిన ఆ పిల్లల ఆసుపత్రిలో. సుబ్బారావు గారు చీకట్లో డ్యూటీకి నడిచిన ఆ పేటలోనే.

మూడోది మనింటి సంగతి. హెట్రాజాన్, 1947. బోదకాలు మందు. చిన్నప్పుడు రాత్రి తొమ్మిది దాటాక లాంతరు పట్టుకుని ఫైలేరియా వాళ్లు వీధిలోకి వచ్చేవారు గుర్తుందా? ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో పైకి వస్తాయి కాబట్టి నిద్రపోతున్నవాళ్లను లేపి వేలు పొడిచి గాజు పలక మీద చుక్క తీసుకునేవారు. మా వీధిలో పిల్లలం మంచాల కింద దూరేవాళ్లం. తర్వాత మాత్రలు ఇచ్చేవారు. వేసుకుంటే తల తిరుగుతుందని మా బామ్మ వాటిని పోపుల పెట్టెలో దాచేది. అప్పటికే వాచిన ఆవిడ కాలు ఎలాగూ తగ్గేది కాదు. కానీ మా తరంలో మా వీధిలో బోదకాలు చూడలేదు. కాలవలూ దోమలూ ఏమీ తగ్గలేదు మరి, మీరే చూస్తున్నారు.

1948 ఆగస్టులో, యాభై మూడేళ్లకు, ఆయన నిద్రలోనే పోయారు. ఇక్కడికి తిరిగి రానేలేదు.

ఇప్పుడు ఇంకో వైపు. 1919 మే నెలలో ఆయనకు పెళ్లయింది. భార్య శేషగిరి గారు. మూడేళ్లలో వచ్చేస్తానని చెప్పి వెళ్లారంటారు. పాతికేళ్లు గడిచాయి. ఆవిడ ఆయన్ని మళ్లీ చూడలేదు. మన సభల్లో ఆయన ఫోటోకు దండ వేస్తాం, తపాలా బిళ్ల చూపిస్తాం, ఆయన పేరు పెట్టిన ఒక బూజు జాతి కూడా ఉందని గొప్పగా చెప్పుకుంటాం. అన్నీ నిజాలే. కానీ ఆ పాతికేళ్లు టపా కోసం ఎదురుచూసిన గుమ్మం గురించి మాట్లాడం. ఆ పని లోకానికి అవసరమే, ఆ ఎదురుచూపు అన్యాయమే. రెండూ కలిపి చెప్పాలనుకుంటాను నేను. ఒకటి చెప్పి మరొకటి దాచడం నాకు చేతకాదు. మా అబ్బాయి అక్కడికి వెళ్లి ఆరేళ్లయింది. మా ఆవిడ ఈ వాక్యం వింటే నన్ను కాదు, వాడిని తిడుతుంది. సంఘం పెద్దల్లో ఎంతమంది మేడ మీద గదులకు తాళాలు వేసుకుని కింద గదిలో ఇద్దరే ఉంటున్నారో, ఈ ఊళ్లో ఏ వీధిలో చూసినా తెలుస్తుంది.

కమిటీవారు గడియారం చూపిస్తున్నారు. నా ప్రతిపాదన చెప్పి దిగిపోతాను. స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం ఆర్చి కట్టాలని, ప్రతి ఏడాదీ పదో తరగతి మొదటి ముగ్గురికి బంగారు పతకాలు ఇవ్వాలని అనుకున్నారు. ఆర్చి కట్టండి, నాకు అభ్యంతరం లేదు. పతకాల డబ్బులో సగం మాత్రం నాకివ్వండి. పదో తరగతి తప్పిన పిల్లలకు సప్లిమెంటరీ ఫీజు, వేసవిలో ఆ రెండు సబ్జెక్టులు చెప్పే మాస్టారికి జీతం, దూరం వెళ్లే పేద పిల్లాడికి మొదటి నెల గది అద్దె, బస్సు ఖర్చు. మొదటి ర్యాంకు వచ్చిన పిల్లను కార్పొరేట్ కాలేజీ వాళ్లు కారు పంపి తీసుకుపోతారు, మన పతకం కోసం ఆ అమ్మాయి ఆగదు. తప్పినవాడి దగ్గరికి వచ్చేవాడే ఉండడు. వెంకమ్మ గారికి అమ్ముకోవడానికి నగలైనా ఉన్నాయి.

ఇంకొకటి. పిల్లలు దూరంగా ఉన్న మన పాత మాస్టార్ల ఇళ్లకు నెలకోసారి సంఘం తరఫున ఎవరో ఒకరు వెళ్లి ఓ గంట కూర్చుని రావాలి. మందులున్నాయా, కరెంటు బిల్లు కట్టారా, ఫోన్ పనిచేస్తోందా, అంతే. వీధుల వారీగా పేర్లు రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం తెచ్చాను. నా పేరు వేల్పూరు రోడ్డు వైపు రాసుకున్నాను. నిధికి నా వంతు యాభై వేలు. పుస్తకం హాలు బయట, భోజనాల బల్ల పక్కన పెట్టాం. పెన్ను దారం కట్టి ఉంది, ఎవరూ జేబులో వేసుకెళ్లకండి.